వంకాయ రంగును కంప్యూటర్‌కు నేర్పుతారా?

వంకాయ రంగు చీర అడిగితే షాపులో ఠక్కున తీసిస్తారు. అదే మాట షాపింగ్ యాప్‌లో టైప్ చేస్తే? కంప్యూటర్‌కు రంగంటే మూడు అంకెలే. ఆ అంకెలకూ మన మాటలకూ లంకె కుదర్చడం డేటా సైన్స్ వైపు వెళ్లాలనుకునే మీకు మంచి ప్రాజెక్టు.

డేటా కోసం వెతుక్కోనక్కర్లేదు. లిపి లేని 110 భాషల వారికి 330 రంగు ముక్కలు చూపించి, పేర్లు అడిగి నమోదు చేసిన ‘వరల్డ్ కలర్ సర్వే’ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పైథాన్‌లో కె-మీన్స్ క్లస్టరింగ్‌తో మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: ఆర్‌జీబీ అంకెల తేడా, కంటికి కనిపించే తేడా ఒకటి కావు. కాబట్టి డేటాతో పాటు ఇచ్చిన ‘ల్యాబ్’ విలువలనే వాడండి. కంప్యూటర్ చేసిన గుంపులు, మనుషులు పెట్టిన పేర్లు ఎక్కడ కలవలేదో చూడండి.

తర్వాత ఒకే ఫోన్‌లో, ఒకే బ్రైట్‌నెస్‌తో రంగులు చూపించి క్లాస్‌మేట్స్‌ను తెలుగు పేర్లు అడగండి. చిలకపచ్చ ఎక్కడ ఆగుతుంది, ఆకుపచ్చ ఎక్కడ మొదలవుతుంది? అందరూ ఒకేలా చెప్పరు. ఒక్కో రంగును నూటికి ఎంతమంది ఏమంటారో అంచనా కట్టడమే మీ మోడల్ పని.

ఇంటర్వ్యూలో ‘ఈ పద్ధతే ఎందుకు?’ అంటే కోర్సు నోట్స్ గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. మీరు చేసిందే చెప్పొచ్చు.