వైరస్ వేలితో వైరస్ కన్నే!

ఎసైక్లోవిర్ మాత్ర వేసుకుంటే మందు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణాల్లోకీ వెళ్తుంది, హెర్పిస్ వైరస్ సోకిన కణాల్లోకీ వెళ్తుంది. పనిచేసేది మాత్రం వైరస్ ఉన్నచోటే. ఎందుకంటే దాన్ని మందుగా మార్చేది ఆ వైరస్ ఎంజైమే.

బ్యాక్టీరియాకు సొంత కణం, సొంత గోడ ఉంటాయి కాబట్టి వాటిని దెబ్బతీయొచ్చు. వైరస్ అలా కాదు. మన కణంలోనే మకాం వేసి, మన సరంజామాతోనే సంతతిని పెంచుకుంటుంది. దాన్ని కొట్టబోతే దెబ్బ మన కణానికే తగులుతుంది. 1960ల్లో కంటి హెర్పిస్‌కు వచ్చిన ఐడాక్స్‌యూరిడిన్‌తో ఈ చిక్కే వచ్చింది. మన కణాల డీఎన్‌ఏలోనూ చేరిపోయేది కావడంతో అది ప్రధానంగా పైపూత మందుగానే మిగిలింది.

పెదవి మీద, జననాంగాల వద్ద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్, ఆటలమ్మనూ సర్పినీ తెచ్చే వారిసెల్లా జోస్టర్ కొన్ని ఎంజైములను సొంతంగా తయారుచేసుకుంటాయి. వాటిలో థైమిడిన్ కైనేజ్, డీఎన్‌ఏ పాలిమరేజ్ ముఖ్యమైనవి. మందుకు పట్టు దొరికింది ఇక్కడే.

మూడు మెట్లు

ఎసైక్లోవిర్ చూడటానికి డీఎన్‌ఏలోని గ్వానోసిన్‌లా ఉంటుంది. కానీ చక్కెర భాగంలో వలయం పూర్తిగా ఉండదు. పనిచేయాలంటే దీనికి మూడు ఫాస్ఫేట్లు అతుక్కోవాలి. మొదటిదాన్ని అతికించేది వైరస్ థైమిడిన్ కైనేజ్. మన కణాల కైనేజ్ ఈ అణువును దాదాపుగా పట్టించుకోదు. మిగతా రెండింటినీ మన ఎంజైములే చేరుస్తాయి. అందుకే మూడు ఫాస్ఫేట్ల రూపం మామూలు కణాల్లో కన్నా హెర్పిస్ సోకిన కణాల్లో 40 నుంచి 100 రెట్లు ఎక్కువగా పోగుపడుతుంది.

వైరస్ పాలిమరేజ్ దాన్ని అసలైన గ్వానోసిన్ అనుకుని కొత్త డీఎన్‌ఏ గొలుసులో చేరుస్తుంది. వెనక కొక్కెం లేని రైలు బోగీకి మరో బోగీని తగిలించలేనట్లే, దాని తర్వాత ఇంకో అణువు చేరే వీలుండదు. గొలుసు అక్కడితో తెగుతుంది. పాలిమరేజ్ కూడా అక్కడే ఇరుక్కుంటుంది. మన పాలిమరేజ్‌లకు ఈ అణువుపై అంత ఆకర్షణ లేదు కాబట్టి మన డీఎన్‌ఏకు ముప్పు తక్కువ.

అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ సంస్థలో హోవార్డ్ షాఫర్, గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందాలు 1970ల్లో ఈ మందును రూపొందించి, పనితీరును విప్పిచెప్పాయి. 1988లో వైద్య నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఎలియన్ ఒకరు. మాత్రగా మింగితే ఎసైక్లోవిర్ సుమారు 20 శాతమే రక్తంలోకి చేరుతుంది. దానికి వాలీన్ అనే అమైనో ఆమ్లాన్ని జోడించి తెచ్చిన వాలసైక్లోవిర్‌తో ఇది సుమారు 55 శాతానికి పెరిగింది.

బలమే బలహీనత

పొక్కులు మానాక వైరస్ నాడీకణాల్లో నిద్రాణంగా ఉండిపోతుంది. అప్పుడది డీఎన్‌ఏను తయారుచేయదు కాబట్టి మందుకు చిక్కదు. జబ్బు తిరగబెట్టేది అందుకే. థైమిడిన్ కైనేజ్‌ను పోగొట్టుకున్న వైరస్ రకాలకూ మందు పనిచేయదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. వీరికి, కైనేజ్‌తో నిమిత్తం లేకుండా నేరుగా పాలిమరేజ్‌ను అడ్డుకునే ఫోస్కార్నెట్ ఇస్తారు. దాంతో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇదే కుటుంబంలోని సైటోమెగలో వైరస్‌కు థైమిడిన్ కైనేజ్ లేనేలేదు. దానికి వాడే గాన్‌సైక్లోవిర్‌కు తొలి ఫాస్ఫేట్‌ను ఆ వైరస్‌కే చెందిన యూఎల్97 అనే మరో కైనేజ్ అతికిస్తుంది.

ఈ మందులు వైరస్ సంఖ్య పెరగకుండా ఆపుతాయే తప్ప అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చవు. కాబట్టి ఒంటికి ఒక పక్కన మంటతో సర్పి పొక్కులు లేస్తే పసర్లు పూస్తూ కూర్చోవద్దు. 72 గంటల్లోపే డాక్టర్‌ను కలవాలి. కిడ్నీ జబ్బుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. మోతాదు మార్చాల్సి ఉంటుంది.