సస్పెన్స్ ఖాతాలో వేసిన శబ్దం

సస్పెన్షన్ అనే మాట వింటే మా బ్యాంకువాళ్ళకు గుండె గుభేలుమంటుంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ మాట నా పేరు పక్కన పడకుండా భగవంతుడు కాపాడాడు. నా కారుకు మాత్రం తప్పలేదు. నాలాగే పాత కారు కొని, ముందు చక్రాల దగ్గర వచ్చే చప్పుడును విననట్టు నటిస్తున్నవారు ఎవరైనా ఉంటే, వారికోసమే ఈ నాలుగు మాటలు.

మాది పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు. పావగడకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఉద్యోగరీత్యా నేను బెంగళూరులో ఉంటున్నాను. అమ్మ మాత్రం ఊరు వదిలి రానంటుంది. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని ఆమెను పావగడలో డాక్టరుకు చూపించడానికని 2022లో ఒక మారుతి 800 కొన్నాను. 2008 మోడలు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ చిన్న కారును మన తరం వాళ్ళకు పరిచయం చేయనక్కరలేదు కదా!

కొన్న కొద్దిరోజులకే ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్ టక్' మొదలైంది. హంపు దిగినా, గతుకులో పడినా అదే పాట. నేను రేడియో శబ్దం పెంచాను. ట్రయల్ బ్యాలెన్సులో చిన్న తేడా వస్తే సస్పెన్స్ ఖాతాలో వేసి ఇంటికి వెళ్ళిపోయే గుమాస్తా పని అన్నమాట. రెండు నెలల తరువాత ఒక గ్యారేజీలో చూపిస్తే, రెండు షాకబ్జార్బర్లు, స్టీరింగ్ ర్యాకు మార్చాలి, 14,000 అవుతుందన్నారు. ఎలా తెలిసిందని అడిగితే, "పాత బండి కదా సార్, అన్నీ పోయుంటాయి" అన్నారు. వోచరు లేకుండా డెబిట్ వేయడం కామర్సు చదివినవాడికి మింగుడుపడలేదు. వచ్చేశాను.

దసరా సెలవుల్లో ఊరికి వెళ్ళాను. ఆ చప్పుడు విని అమ్మ, "ఏం నాయనా, నీ బండికీ నా మాదిరే మోకాళ్ళు పట్టుకున్యాయా?" అంది. మర్నాడు డాక్టరు దగ్గరకు బయలుదేరబోతుంటే, ట్రాక్టర్లు రిపేరు చేసే పక్కింటి కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క అరగంట ఆగు మామా, చూస్తా" అన్నాడు.

అతడు చూసిన పద్ధతి చెప్పేముందు ఆ కారు ముందు భాగం గురించి రెండు మాటలు. దానిది మెక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ అమరికను 1950లో ఇంగ్లండులో ఫోర్డు కాన్సల్ కారుకు పెట్టారు. స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఒక నిలువు స్తంభంలా చక్రం మీద నిలబడతాయి. కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. దాని ఒక చివర రబ్బరు బుష్, రెండో చివర బాల్ జాయింటు. ఈ బాల్ జాయింటు మన తుంటి కీలు వంటిది, గిన్నెలో గుండు. రెండు వైపులనూ కలుపుతూ స్టెబిలైజర్ బార్ ఉంటుంది.

కుర్రవాడు ముందు పానా పట్టలేదు, ప్రశ్నలు వేశాడు. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు కటకటమంటే అది యాక్సిల్ జాయింటు, సస్పెన్షన్ కాదు. వేగంతోపాటు హోరు పెరిగితే వీల్ బేరింగును చూడాలి. బ్రేకు వేసినప్పుడు ఒక్క దెబ్బ కొట్టినట్టుంటే లోయర్ ఆర్మ్ బుష్ మీద అనుమానం. చిన్న గతుకుల్లో టకటకలాడితే బార్ బుష్‌లో, బాల్ జాయింటో కావచ్చు.

తరువాత టైర్లు తడిమాడు. టైరు ఒక అంచే అరిగితే అలైన్‌మెంటు తప్పిందనీ, అక్కడక్కడ గుంటలు పడితే షాకబ్జార్బరు పని చేయడంలేదనీ అనుమానించాలట. బానెట్ మూలను బలంగా నొక్కి వదిలాడు. బండి లేచి, ఒక్క ఊపుతో సర్దుకుంది. రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జార్బరు నీరసించినట్టే. స్ట్రట్ మీద ఆయిల్ కారిన జాడ కూడా లేదు. గ్యారేజీ లిస్టులో మొదటి పద్దు అక్కడే కొట్టివేశాము.

ఇక జాకీ. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, బండి లేపాడు. జాకీ జారినా బండి కూలకుండా పక్కన స్టెప్నీ తోశాడు. నేను ఇటుకలు తేబోతే, బరువుకు పిగిలిపోతాయని వారించాడు. చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట పట్టుకుని ఊపితే లొడలొడమంది.

"మామా, బ్రేకు తొక్కు."

తొక్కాను. అయినా కదలిక పోలేదు. పోయి ఉంటే తప్పు బేరింగుది. పోలేదు గనుక కీలుది. 9, 3 దగ్గర ఊపితే గట్టిగానే ఉంది. అంటే టై రాడ్, స్టీరింగ్ ర్యాకు బాగున్నట్టు. లిస్టులో రెండో పద్దూ పోయింది. చివరికి ఇనుప కడ్డీతో లోయర్ ఆర్మ్‌ను ఎత్తి చూపించాడు. బాల్ జాయింటు కంటికి కనబడేంత కదులుతోంది. పైన రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరింది. బార్ బుష్ కూడా అరిగిపోయింది.

"ఇది ఊడితే?" అన్నాను.

"చక్రం పక్కకు పడిపోతుంది మామా. స్టీరింగు నీ చేతిలోనే ఉంటాది, బండి మాత్రం నీ మాట వినదు."

నాకు చెమటలు పట్టాయి. ఆ ఎడమ చక్రం పక్క సీట్లోనే కదా అమ్మను కూర్చోబెట్టి రెండు నెలలుగా తిప్పుతున్నాను! 14,000 రూపాయల ఆ లిస్టులో ఈ బాల్ జాయింటు పేరే లేదు.

ఆరోజు అమ్మను ఆటోలో తీసుకువెళ్ళాను. కారు చెట్టుకిందే ఉంది. పావగడ నుంచి సామాను తెచ్చి, జాయింటుతో సహా లోయర్ ఆర్మ్, రెండు వైపులా బార్ బుష్‌లు మార్చాడు. తరువాత అలైన్‌మెంటు చేయించాను. అంతా కలిపి 3,000 దాటలేదు.

ఒక హెచ్చరిక. ఈ పరీక్షలు ఇంట్లో చేసుకోవచ్చు గాని, స్ట్రట్‌ను మాత్రం విప్పకండి. లోపల అణగి ఉన్న స్ప్రింగు ప్రాణం తీయగలదు. షాకబ్జార్బర్లు మార్చవలసి వస్తే రెండు వైపులా ఒకేసారి మార్చాలి. బాల్ జాయింటు వదులైందని తెలిస్తే, వచ్చే నెల జీతం దాకా ఆగకండి, ఆ బండి తీయకండి.

ఇప్పుడు ఊరికి బయలుదేరినప్పుడల్లా మొదటి పది నిమిషాలు రేడియో పెట్టను. అమ్మ పక్కనుంటే తనూ చెవి ఒగ్గి, "ఈపొద్దు బండి ఏం అనలేదు నాయనా, పోదాం పద" అంటుంది.