నొక్కితే సరిపోదు... పీల్చడం నేర్పాలి!

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ కొనిస్తున్నాం. వాడే పద్ధతి మాత్రం దగ్గర కూర్చోబెట్టి నేర్పడం లేదు. ‘మందు పనిచేయట్లేద’న్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం అదే.

జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా ఉబ్బసం మందు కూడా డబ్బాలో ఎందుకు రాదు? 1955లో అమెరికాలో పదమూడేళ్ల అమ్మాయి తండ్రిని అడిగిన ప్రశ్న ఇది. ఆ తండ్రి జార్జ్ మైసన్, రైకర్ ల్యాబొరేటరీస్ అధినేత. మరుసటి ఏడాదే, నొక్కిన ప్రతిసారీ ఒకే కొలతలో మందు వచ్చే ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చింది. ఒక పిల్ల అడిగితే పుట్టిన ఆ పరికరాన్ని సరిగ్గా వాడటమే పిల్లలకు కష్టం.

స్పేసర్ ఎందుకు?

డబ్బా నొక్కగానే మందు వేగంగా దూసుకొస్తుంది. సరిగ్గా అప్పుడే నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. క్షణం తప్పినా మందు గొంతుకు అంటుకుని కడుపులోకి పోతుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి స్పేసర్ ఉంటే ఆ హడావిడి ఉండదు. మందు ముందు ఆ గొట్టంలో నిలుస్తుంది, బిడ్డ మామూలుగా ఊపిరి తీసుకున్నా లోపలికి చేరుతుంది. నాలుగేళ్లలోపు వారికి మాస్క్ ఉన్న స్పేసర్ వాడాలి. మాస్క్ ముక్కు, నోటి చుట్టూ సందు లేకుండా ఆనాలి. ఏడుస్తున్న బిడ్డకు పట్టినా మందు సరిగా అందదు. బొమ్మకు పెట్టి ఆడించి, ముందు భయం పోగొట్టండి.

ఇలా నేర్పండి

* నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్‌ను బాగా ఊపాలి.
* స్పేసర్‌కు తగిలించి, పెదవులు బిగించి పట్టుకోమనాలి.
* ఒక్కసారి నొక్కాక అయిదారుసార్లు నింపాదిగా ఊపిరి పీల్చి వదలాలి.
* రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి నొక్కాలి. రెండూ కలిపి కొట్టకూడదు.
* స్టెరాయిడ్ మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకు అతుక్కుంటుంది. రోటాహేలర్ లాంటి పొడిమందు పరికరాలది వేరే దారి. వాటిని వేగంగా, బలంగా పీల్చాలి. వాటిలోకి ఊపిరి ఊదకూడదు.

అలవాటైపోతుందా?

‘ఇన్‌హేలర్ మొదలుపెడితే మానలేం’ అన్న భయం ఇంటింటా ఉంది. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర 2 మిల్లీగ్రాములైతే, సాధారణంగా ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే ఇరవయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి అంత తక్కువ చాలు. ఉబ్బసం తగ్గాలని మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపమందు కోసం వరస కట్టే కుటుంబాలెన్నో. ఎవరి నమ్మకం ఏదైనా, డాక్టర్ రోజూ వాడమన్న నివారణ మందును దగ్గు తగ్గిందని సొంతంగా ఆపేయకండి. ఆయాసం వచ్చినప్పుడు వాడేది వేరు, రాకుండా కాపాడేది వేరు. ఆ తేడా బడిలో టీచరుకూ చెప్పి ఉంచండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి ఇన్‌హేలర్, స్పేసర్ వెంట తీసుకెళ్లండి. ‘మావాడు ఎలా పీలుస్తున్నాడో ఒక్కసారి చూడండి’ అని అడగండి. మోతాదు పెంచే ముందు జరగాల్సిన పరీక్ష అదే.