కూకుడుగువ్వ: జుట్టునుబట్టి జాతి

జనగామ చెలకలలోను, మహబూబాబాదు తోటలలోను, భూపాలపల్లి అడవి యంచులలోను నేలపై నడచుచు, సన్నని వంపుముక్కుతో మట్టిని గుచ్చి పురుగుల నేరుకొనునదియు, అలజడి కలిగినపుడు నల్లని కొనలుగల జుట్టును విసనకఱ్ఱవలె విప్పునదియు నగు పక్షి కూకుడుగువ్వ. దీనిని వడ్రంగిపిట్ట యని పొరబడువారు పెక్కుమంది. కాని యది మ్రానుబట్టి ప్రాకును, ఇది నేలనే నమ్ముకొనును.

ఐరోపా, ఆసియాఖండములందు విస్తరించిన యీ పక్షికి లిన్నేయస్ 1758లో ‘ఉపుపా ఎపోప్స్’ అని శాస్త్రనామ మిడెను. దక్షిణాపథమున స్థిరనివాసియైన ‘సిలోనెన్సిస్’ ఉపజాతి కొంచెము చిన్నది, అరుణవర్ణ మధికము, జుట్టున తెలుపు లేదు. శీతకాలమున ఉత్తరమునుండి భారతమునకు వలసవచ్చు ‘ఎపోప్స్’ ఉపజాతికి నలుపుకు దిగువ తెల్లని చాయ యుండును. అయినను దూరమునుండి యీ భేదము నిర్ణయించుట సాహసమే.

ఇంతటి కిరీటధారిణి గూటిలో పొదుగునపుడు తోకమూలపు గ్రంథినుండి దుర్గంధద్రవమును స్రవించి శత్రువులను తరుమును. పిల్లలును తక్కువవి కావు, దగ్గరకు వచ్చినవారిపై మలమును చిమ్మును.