రాళ్ల ఆకు, రణాల ఆకు

ఖరగ్‌పూర్‌లో బెంగాలీలకు పాథర్‌కుచి, తెలుగువారికి రణపాల. కిడ్నీలో రాళ్లను కరిగిస్తుందని పేరుపడిన ఈ ఆకు ఉద్దానం దాకా వెళ్తే మాత్రం మందు కాకపోగా ముప్పు కావచ్చు

తాల్‌బగీచాలో ఆ మొక్క పేరు ఇంట్లో మాట్లాడే భాషను బట్టి మారుతుంది. బెంగాలీ ఇంట్లో పాథర్‌కుచి, అంటే రాతిముక్కలు. తెలుగు ఇంట్లో రణపాల. రణమంటే పుండు. ఉర్దూలో జఖ్మే హయాత్. అక్కడా గాయమే. ఒకే మొక్క, అదే దళసరి ఆకు. బెంగాలీలు అందులో మూత్రపిండాల్లో రాళ్లకు మందును చూశారు. తెలుగువారు సెగ్గడ్డ మీద వేసే కట్టును చూశారు. ఇప్పుడా తేడా దాదాపు చెరిగిపోయింది. రణపాల నమిలితే రాళ్లు కరుగుతాయన్న మాట తెలుగులోనూ అంతే ధీమాగా వినిపిస్తోంది. యూట్యూబ్ వచ్చాక ఆ ధీమా ఇంకా పెరిగింది. రాళ్లే కాదు, బీపీ తగ్గుతుందని, క్రియాటినిన్ దిగుతుందని కూడా చెబుతున్నారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మొక్క మాత్రం ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఖరగ్‌పూర్ నేల ఎర్ర మొరం, నీరు నిలవదు. ఎండాకాలం ఆకులు మాడిపోయే ఊళ్లో ఇది ఆకులోనే నీళ్లు దాచుకుని నిబ్బరంగా నిలబడుతుంది. దీన్ని ఎవరూ కొనరు. పక్కింటివాళ్లను ఓ ఆకు అడిగి తెచ్చుకుని మట్టి మీద పడేస్తే చాలు, అంచు నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. చలికాలం ముగిసే వేళకు నిలువుగా ఓ కాడ వేసి చిన్న చిన్న లాంతర్లలా పూలు వేలాడదీస్తుంది. ఆకుపచ్చలో ఎరుపు కలిసిన ఆ బుడ్డలను నొక్కితే టప్పుమంటాయి.

వేరు లేకుండా ఆకుతోనే మొలిచే ఈ మొక్కను ఖరగ్‌పూర్ తెలుగువారితో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ పోలిక అంతగా కుదరదు. వాళ్లు గాలివాటుకు వచ్చి పడినవాళ్లు కారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికోసం తెచ్చుకున్నవాళ్లు. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర మార్గం 1902లో ఆ కంపెనీ చేతికి రావడంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ లైను మీద ఉన్న ఊరైంది. వర్క్‌షాపులో, షెడ్లలో చేరినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు అక్కడున్నారు. తెలుగును అధికార భాషల్లో చేర్చాలన్న వారి కోరికను పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో ఆమోదించింది కూడా.

అసలు వలస కథ మొక్కది. రణపాల పుట్టిల్లు మడగాస్కర్. మన దేశానికి వచ్చి మహా అయితే రెండు శతాబ్దాల పైచిలుకు. 1799లో మొలక్కస్ దీవుల నుంచి దాన్ని తెప్పించి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు చేర్చింది అప్పటి మద్రాసు గవర్నర్ భార్య లేడీ క్లైవ్ అని చెబుతారు. ఆ తోటకు అప్పుడు అధిపతి విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా వెళ్లకముందు దశాబ్దానికి పైగా గోదావరి జిల్లా సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను బొమ్మలు గీయించి, వివరాలు రాసిపెట్టినవాడు. మొక్కల శాస్త్రం కూడా సామర్లకోట నుంచి బెంగాల్‌కు వలస వెళ్లిందన్నమాట, అదీ రైలు కంటే ఎంతో ముందు.

ఈ తేదీలు ఊరికే చెప్పుకోడానికి కాదు. రణపాలను వేల ఏళ్ల నాటి ఆయుర్వేద ఔషధమని ప్రచారం చేసేవాళ్లు సాధారణంగా ‘పాషాణభేది’ పేరు ఎత్తుతారు. ప్రాచీన గ్రంథాల్లో ఆ పేరు ఉన్న మాట నిజమే. ఆయుర్వేద వైద్యులు ఎక్కువగా పాషాణభేదిగా గుర్తించేది హిమాలయాల్లో రాళ్ల సందుల్లో పెరిగే బెర్జీనియా అనే వేరే మొక్కను. హిమాలయ మొక్క దొరకని చోట్ల దాని పేరును, దాంతోపాటు దాని పరువును కూడా ఈ మడగాస్కర్ మొక్క తగిలించుకుంది.

సామర్లకోటకు ఈ ఆకుతో ఇంకో బంధం ఉంది. రాక్స్‌బర్గ్ వెళ్లాక అక్కడి తోట బాధ్యత చూసిన బెంజమిన్ హేన్ 1813లో లండన్‌లోని ఓ శాస్త్రవేత్తకు రాసిన లేఖలో వింత సంగతి చెప్పాడు. ఈ ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటుందని, మధ్యాహ్నానికి రుచీపచీ లేకుండా పోతుందని, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందని. అది ఆయన నాలుక చేసిన ప్రయోగం. కారణం తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. నీరు ఆవిరైపోకుండా ఈ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లారాక ఎండలో ఆ నిల్వను ఖర్చు చేస్తాయి. పుస్తకాల్లో దీన్ని క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అంటారు. రణపాల కుటుంబం పేరే దానికి పెట్టారు. పరగడుపున నమలాలని ఇంటివైద్యం చెప్పే వేళకు ఆకు ఆమ్లంతో నిండి ఉంటుంది.

అయితే ఆ పులుపు రాయిని కరిగిస్తుందా? ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వి. ఆకు సారం ఆ స్ఫటికాలు పెరగకుండా కొంత అడ్డుపడుతుందని గాజు గొట్టాల్లో, ఎలుకల్లో చేసిన ప్రయోగాలు సూచించాయి. మనుషుల మీద మాత్రం గట్టిగా చెప్పుకోదగ్గ పెద్ద పరీక్షలు లేవు. మరి నమ్మకం ఎందుకు చెక్కుచెదరదు? అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే మూత్రంతో పోతాయి. నాలుగు వారాలు ఆకు నమిలి, దాంతోపాటు బిందెడు నీళ్లు తాగినవాడికి రాయి పడిపోతే పేరు ఆకుకే వస్తుంది. పడిపోని వాళ్ల సంగతి ఎవరూ వీడియో తీయరు.

కొలిమి పక్కన, ఎండలో పట్టాల మీద పనిచేసేవారికి చెమటతో ఒంట్లో నీరు తగ్గి రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. రైల్వే ఊళ్లో ఈ ఆకుకు ఇంత గిరాకీ ఉండటంలో వింత లేదు. చిన్న రాయికి ఆకు నమిలితే పోయేదేమీ లేదనుకోవచ్చు. పెద్ద రాయి నాళానికి అడ్డుపడి, నొప్పి కూడా తగ్గిపోయి, రోగి ఆకు పనిచేసిందనుకుంటూ ఉండగా లోపల మూత్రపిండం దెబ్బతినిపోవడం ఉంది. నొప్పి తగ్గడం రాయి పోయిందనడానికి రుజువు కాదు.

అంతకంటే పెద్ద ప్రమాదం రైలెక్కి దక్షిణానికి వెళ్తుంది. హౌరా-చెన్నై మార్గంలో ఖరగ్‌పూర్ నుంచి వస్తుంటే ఆంధ్రలో తొలుత తగిలేవి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస స్టేషన్లు. అదే ఉద్దానం. కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్లకు ఊళ్లను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పట్టి పీడిస్తున్న ప్రాంతం. దశాబ్దాలుగా నీటిని, నేలను, ఎండను, పురుగు మందులను అనుమానించి పరిశోధించినా కారణం ఇదీ అని తేలలేదు. ఉత్తరాంధ్రలో చుట్టాలున్న ఖరగ్‌పూర్ కుటుంబాలకు ఉద్దానం దూరదేశమేమీ కాదు. తెలుగులో రెంటినీ ‘కిడ్నీ జబ్బు’ అనే అంటాం. రాళ్లూ అదే, ఉద్దానం జబ్బూ అదే. ఒకరి కిడ్నీకి మంచి చేసిందన్న ఆకు ఇంకొకరి కిడ్నీకి సిఫారసు కావడానికి ఆ ఒక్క మాట చాలు.

నిజానికి రెంటికీ పోలిక లేదు. రాయి నొప్పితో కేకలు పెట్టిస్తుంది. ఉద్దానం జబ్బు చప్పుడు చేయదు. చాలామందికి తెలిసేసరికే సగానికి పైగా పని పోయి ఉంటుంది. అక్కడ కరిగించడానికి రాయి లేదు. పైగా దెబ్బతిన్న మూత్రపిండం పొటాషియంను బయటికి పంపలేదు కనుక ఆకు పసర్లు తాగవద్దని వైద్యులు చెబుతారు. రణపాలలో ఇంకో సంగతీ ఉంది. అందులోని బ్యుఫాడైనోలైడ్‌లనే పదార్థాలు గుండె మీద డిజాక్సిన్ మాత్ర లాంటి ప్రభావం చూపుతాయి. 1997లో ఆస్ట్రేలియాలోని మోరీ దగ్గర దీని దాయాది మొక్కను మేసి 125 పశువులు చనిపోయాయి. రెండాకులు నమిలిన మనిషికి అంత జరగదు. కానీ మూత్రపిండాలు పనిచేయక, గుండె మందులు మింగుతూ, రోజూ గ్లాసెడు పసరు పట్టించేవాడి సంగతి వేరు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. రాయి ఉందో లేదో అల్ట్రాసౌండ్ చెబుతుంది. మూత్రపిండం ఎంత పనిచేస్తోందో రక్తంలో క్రియాటినిన్ చెబుతుంది. ఆకు నోట్లో వేసుకోవడానికి ముందు ఈ రెండు కాగితాలు చేతిలో ఉంటే ఎవరికి ఏ జబ్బో తేలిపోతుంది.

ఇక తెలుగువారి పాత వాడకం, అంటే ఆకును సెగ చూపి, మెత్తగా చేసి గడ్డ మీద కట్టడం. దానికి పెద్దగా ఎవరి అభ్యంతరమూ లేదు. షుగర్ ఉన్నవారి కాలి పుండుకు మాత్రం అదీ పనికిరాదు.