ఇంట్లో పెనం మీద బర్గర్.. షమీ కబాబ్ లెక్క ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే?

హైదరాబాదీ వంటింట్లో ఖీమాని గుండ్రంగా ఒత్తి పెనం మీద కాల్చడం కొత్తేమీ కాదు. షమీ, శికంపూర్ కబాబ్‌లు చేసే చేతికి బర్గర్ ప్యాటీ ఓ లెక్కా అనిపిస్తుంది. రెండు వైపులా ఎర్రగా కాలితే చాలు, బన్నులో పెట్టేయొచ్చు అనుకుంటారు చాలామంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కబాబ్‌కి సరిపోయే లెక్క బర్గర్‌కి సరిపోదు. తేడా వస్తే రుచితో ఆగదు, ఆస్పత్రి దాకా వెళ్లాల్సి రావొచ్చు.

తేడా ఎక్కడుంది?

షమీ కబాబ్ కోసం ఖీమా, శనగపప్పు, మసాలాలు కలిపి ముందే మెత్తగా ఉడికిస్తారు. నీళ్లన్నీ ఇగిరాక రుబ్బి, ఆ తర్వాతే పెనం మీద వేస్తారు. అంటే పెనం ఎక్కేసరికే మాంసం ఉడికిపోయి ఉంటుంది. పైన రంగు రావడమే మిగిలిన పని. బర్గర్ ప్యాటీ అలా కాదు. పచ్చి ఖీమానే నేరుగా పెనం మీద పడుతుంది. ఉడకడం, కాలడం రెండూ ఆ పది నిమిషాల్లోనే జరగాలి.

మరి ముక్క మాంసానికి లేని భయం ఖీమాకి ఎందుకు? ముక్కలో బ్యాక్టీరియా ఎక్కువగా పైపైనే ఉంటుంది, వేడి తగలగానే చనిపోతుంది. మెషీన్‌లో వేసి తిప్పితే మాత్రం పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే ప్యాటీ మధ్య భాగం కూడా పూర్తిగా ఉడకాల్సిందే.

1993లో అమెరికాలో ఇదే జరిగింది. జాక్ ఇన్ ది బాక్స్ అనే హోటళ్ల చైన్‌లో సరిగా ఉడకని బీఫ్ బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ-కోలి అనే బ్యాక్టీరియాలో ప్రమాదకరమైన ఓ రకం. మేకలు, గొర్రెల పేగుల్లోనూ ఈ తరహా బ్యాక్టీరియా ఉండొచ్చు. కాబట్టి మటన్ ఖీమా అయినా జాగ్రత్త తప్పదు.

కొనేటప్పుడే మొదలుపెట్టండి

పెనం కావాలంటే సిటీ జనానికి గుర్తొచ్చేది అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న బేగంబజార్. అక్కడి గిన్నెల దుకాణాల్లో అడుగు మందంగా, బరువుగా ఉన్న ఇనుప పెనం చూసుకోండి. పల్చటి పెనం మీద చల్లటి ప్యాటీలు పడగానే వేడి పడిపోతుంది. ఖీమా నీళ్లు వదిలి, కాలడం మానేసి ఉడకడం మొదలెడుతుంది. మందపాటి పెనం వేడిని పట్టి ఉంచుతుంది.

బజార్ పనులన్నీ అయ్యాక ఖీమా చివర్లో కొనండి. ముక్క చూపించి, కళ్ల ముందే కొట్టించుకోండి. ఎండ 32 డిగ్రీలు దాటితే పచ్చి మాంసం గంటకి మించి బయట ఉండకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినా ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి.

పెనం మీద ఇలా చేయండి

* అర కిలో ఖీమాతో నాలుగు ప్యాటీలు వస్తాయి. కొంచెం కొవ్వు ఉంచమని అడగండి, లేదంటే ప్యాటీ ఎండిపోతుంది.

* ఉప్పు ముందే కలిపి పెట్టొద్దు. అలా చేస్తే ఖీమా బిగుసుకుపోయి రబ్బరులా తయారవుతుంది. పెనం మీద వేసే ముందు పైన చల్లితే చాలు.

* అర అంగుళం మందంలో, బన్ను కంటే కాస్త వెడల్పుగా ఒత్తండి. వేడికి అది ముడుచుకుంటుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చేస్తే పూరీలా పొంగదు.

* పెనం బాగా వేడెక్కాక మీడియం మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి. తిప్పాక కాసేపు మూత పెడితే లోపలికీ వేడి అందుతుంది.

* అట్లకాడతో అదమొద్దు. రసమంతా పెనం పాలవుతుంది.

ఉడికిందని తెలిసేదెలా?

రంగు చూసి నమ్మడానికి లేదు. ఖీమా ఒక్కోసారి పూర్తిగా ఉడక్కముందే గోధుమ రంగుకి మారుతుంది. ఒక్కోసారి ఉడికాక కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. పక్క నుంచి మధ్య దాకా కిచెన్ థర్మామీటర్ గుచ్చి చూడటమే నమ్మకమైన పద్ధతి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం మటన్, బీఫ్ ఖీమాకి 71 డిగ్రీల సెల్సియస్, చికెన్ ఖీమాకి 74 డిగ్రీలు రావాలి.

థర్మామీటర్ లేకపోతే? షమీ దారే పట్టండి. ఖీమాని ముందే ఉడికించి, రుబ్బి ప్యాటీలు చేసుకోండి. పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు తినే ఇంట్లో ఇదే మేలు. అచ్చం బర్గర్ రుచి రాకపోవచ్చు, కానీ ఆ షమీ బర్గర్ మాత్రం మన హైదరాబాద్‌దే!

మయోనైజ్ సంగతేంటి?

2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఓ మహిళ చనిపోగా, పలువురు అస్వస్థతకు గురయ్యారు. ఆ తర్వాత అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌పై ఏడాది పాటు నిషేధం విధించింది. కారణం ఇక్కడా అదే.. వేడి తగలని పచ్చి పదార్థం. ఇంట్లోనూ పచ్చి గుడ్డు మయోనైజ్ వద్దు. నీళ్లు వంచేసిన గట్టి పెరుగులో పుదీనా, వెల్లుల్లి, ఉప్పు కలిపితే బర్గర్‌కి బాగా కుదురుతుంది.

చివరగా ఇంకో మాట. పచ్చి ప్యాటీలు పెట్టిన ప్లేటులోనే కాలిన ప్యాటీలు తీయొద్దు. ఉల్లిపాయ, టమాటా, కీరా ముందే కోసి పక్కన పెట్టుకోండి. ఖీమా ముట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడిగాకే బన్ను పట్టుకోండి.