కాలేజీ చదువుతూ అమెరికా రిజర్వ్ సైన్యంలో చేరాలా? సంతకానికి ముందు తెలియాల్సిన సంగతులు

అమెరికా కాలేజీల్లో కొత్త సెమిస్టర్ మొదలైందంటే చాలా క్యాంపస్‌లలో సైన్యం రిక్రూటర్ల టేబుళ్లు కూడా కనిపిస్తాయి. ఫీజుకు సాయం చేస్తాం, నెలకు ఒక్క వీకెండ్ వస్తే చాలు, ఏడాదికి రెండు వారాల శిక్షణ, మిగతా రోజులన్నీ మీవే అని చెబుతారు. చికాగోలోనో డల్లాస్‌లోనో స్థిరపడిన హైదరాబాద్, గుంటూరు, కరీంనగర్ కుటుంబాల పిల్లల చెవిన కూడా ఈ మాట పడుతోంది. పిల్లాడు ఇంటికొచ్చి సంగతి చెబితే అమ్మ 'యుద్ధానికి పంపుతారా?' అంటుంది. నాన్న 'ఎంత ఇస్తారు?' అంటాడు. రెండూ అడగాల్సినవే. కానీ ముందుగా అడగాల్సింది ఇంకోటుంది: ఎన్నేళ్లకు సంతకం పెడుతున్నావు?

జవాబు ఎనిమిదేళ్లు. రిక్రూటర్ మూడేళ్లు అన్నా, ఆరేళ్లు అన్నా, మొదటిసారి చేరేవారికి అమెరికా చట్టం ప్రకారం మొత్తం బాధ్యత మామూలుగా ఎనిమిదేళ్లే. ఆరేళ్ల కాంట్రాక్టు అంటే ఆ ఆరేళ్లూ నెలనెలా డ్రిల్‌కు వెళ్లాలి, మిగిలిన రెండేళ్లు పేరు 'ఇండివిడ్యువల్ రెడీ రిజర్వ్' జాబితాలో ఉంటుంది. ఆ రెండేళ్లలో డ్రిల్స్ ఉండవు, జీతం ఉండదు, మామూలు ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ పిలిస్తే మాత్రం వెళ్లాలి. అది కాగితం మీది మాటే కదా అనుకోవడానికి లేదు. ఇరాక్ యుద్ధం నడుస్తుండగా 2004లో ఆర్మీ ఈ జాబితా నుంచి సుమారు 5,600 మందిని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించింది. సైన్యం పని అయిపోయిందనుకుని ఉద్యోగాల్లో, కాపురాల్లో స్థిరపడ్డవాళ్లు మళ్లీ యూనిఫాం వేసుకోవాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్లకు సంతకం పెట్టినవాడు ఇరవై ఆరేళ్ల దాకా ఆ జాబితాలో ఉంటాడు. డిగ్రీ, మాస్టర్స్, మొదటి ఉద్యోగం, పెళ్లి... చాలామంది జీవితంలో ఇవన్నీ జరిగేది సరిగ్గా ఆ ఎనిమిదేళ్లలోనే.

ఇంతకీ ఎవరు చేరొచ్చు? అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవారికి, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు దారి లేదు. ఉర్దూ, హిందీ లాంటి భాషలు వచ్చినవారిని, వైద్య నిపుణులను వీసా మీద ఉన్నా చేర్చుకునే 'మావ్నీ' అనే పథకం ఒకటి 2009లో మొదలైంది. 2016లో దాన్ని ఆపేశారు. ఇప్పటికీ ఎవరైనా 'స్టూడెంట్ వీసా మీదే చేర్పిస్తాం, పౌరసత్వం ఇప్పిస్తాం' అని డబ్బు అడిగితే అది మోసమే, అనుమానం అక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. ఒక డ్రిల్ వీకెండ్‌కు నాలుగు రోజుల మూల జీతం లెక్కగడతారు. కొత్తగా చేరినవారికి 2025 జీతాల ప్రకారం అది 300 డాలర్లకు కాస్త అటూ ఇటూ, అదీ పన్ను కోతకు ముందు. ట్యూషన్ అసిస్టెన్స్ కింద ఒక్కో క్రెడిట్‌కు 250 డాలర్ల దాకా, ఏడాదికి గరిష్ఠంగా 4,500 డాలర్లు రావచ్చు. ఆరేళ్లకు ఒప్పుకుని, మొదటి శిక్షణ పూర్తి చేసినవారికి రిజర్వ్ జీఐ బిల్లు కింద ఫుల్‌టైమ్ చదువుకు నెలకు 500 డాలర్ల లోపు వస్తుంది. ఇది 36 నెలలకు మించదు. ఈ మొత్తాలన్నీ కలిపినా ప్రైవేటు యూనివర్సిటీ ఫీజు ముందు చిన్నవే. కమ్యూనిటీ కాలేజీలో, స్టేట్ యూనివర్సిటీలో చదివేవారికి మాత్రం నిజంగా ఆదుకుంటాయి.

చాలా కుటుంబాలు పొరపడేది ఇక్కడే. ఫీజు, ఇంటి అద్దె, పుస్తకాలు అన్నీ భరించే జీఐ బిల్లు అని నలుగురూ చెప్పుకునేది వేరే పథకం. సెప్టెంబర్ 11 దాడుల తర్వాతి సేవకు సంబంధించిన ఆ బిల్లు యాక్టివ్ డ్యూటీ చేసినవారి కోసం. కనీసం 90 రోజుల యాక్టివ్ డ్యూటీ ఉంటే సగం, 36 నెలలు ఉంటే పూర్తి సాయం. నెలనెలా చేసే డ్రిల్ వీకెండ్లు ఆ లెక్కలోకి రావు. అంటే రిజర్వ్‌లో ఉన్న విద్యార్థికి ఆ పెద్ద సాయం అందాలంటే మామూలుగా డిప్లాయ్‌మెంట్‌కు వెళ్లి రావాలి. అమ్మ అడిగిన ప్రశ్న, నాన్న అడిగిన ప్రశ్న ఇక్కడ ఒకటే అయిపోతాయి.

రిజర్వ్‌కు, నేషనల్ గార్డ్‌కు తేడా కూడా డబ్బు దగ్గరే బాగా తెలుస్తుంది. ఆర్మీ రిజర్వ్ పూర్తిగా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. గార్డ్ మీద రాష్ట్ర గవర్నర్‌కూ అధికారం ఉంటుంది కాబట్టి రాష్ట్రాలు తమ వంతుగా ఫీజు రాయితీలు ఇస్తాయి. ఉదాహరణకు ఇల్లినాయిలో గార్డ్‌లో ఏడాది సేవ పూర్తి చేసినవారికి ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు భరించే గ్రాంటు ఉంది. ఒక్కో రాష్ట్రం తీరు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న బంధువు చెప్పిన లెక్క ఇక్కడ పనికిరాదు. దానికి తగ్గట్టే వరదలొచ్చినా, తుపానొచ్చినా, అల్లర్లు జరిగినా గార్డ్‌ను పిలుస్తారు. 2020లో కరోనా పనులకు, 2021 జనవరిలో అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి వాషింగ్టన్‌లో కాపలాకు దాదాపు 25 వేల మంది గార్డ్ సైనికులు వెళ్లారు. వాళ్లలో సెమిస్టర్ మధ్యలో పుస్తకం మూసి వెళ్లిన విద్యార్థులూ ఉన్నారు.

మరి యుద్ధానికి పంపుతారా? పంపొచ్చు. ప్రతి ఒక్కరూ వెళ్తారని కాదు, ఎవరూ వెళ్లరని రిక్రూటర్ హామీ ఇవ్వలేడు. జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు రిజర్వ్ దళాలను రెండేళ్ల దాకా విధుల్లోకి తీసుకునే అధికారం చట్టంలో ఉంది. 2024 జనవరి 28న జోర్డాన్‌లోని 'టవర్ 22' స్థావరం మీద డ్రోన్ దాడిలో ముగ్గురు అమెరికా సైనికులు చనిపోయారు. ఆ ముగ్గురూ జార్జియా రాష్ట్రానికి చెందిన ఆర్మీ రిజర్వ్ వాళ్లే, ఇంజినీర్ యూనిట్‌లో పనిచేసేవాళ్లు. తుపాకీ పట్టే పని కాదు కదా అని ఇంట్లో వాళ్లకు ధైర్యం చెప్పే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

చదువు పాడవకుండా చట్టం కొంత రక్షణ ఇస్తుంది. 2008లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం ప్రకారం, సైనిక సేవ కోసం 30 రోజులకు మించి వెళ్లిన విద్యార్థిని కాలేజీ అదే స్థాయిలో తిరిగి చేర్చుకోవాలి. ఇలా దూరమైన కాలమంతా కలిపి ఐదేళ్లకు మించకూడదు. సీటు పోదు సరే. కానీ సగంలో ఆగిన ల్యాబ్, కలిసి చదివిన స్నేహితుల బ్యాచ్, చేతికొచ్చిన ఇంటర్న్‌షిప్ ఇవేవీ చట్టం తిరిగి ఇవ్వదు. మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్ లాంటి, వరుస తప్పకుండా నడిచే కోర్సుల్లో ఒక సెమిస్టర్ తప్పితే ఏడాది పోయినట్టే. మొదటి శిక్షణకే ఆర్మీలో 10 వారాల బేసిక్ ట్రైనింగ్, ఆపైన ఎంచుకున్న పనిని బట్టి కొన్ని వారాల నుంచి ఏడాది దాకా పడుతుంది. ఒక వేసవిలో బేసిక్, మరుసటి వేసవిలో పని శిక్షణ ఇలా విడగొట్టుకునే వీలు కొందరికి ఉంటుంది. అది కావాలనుకుంటే సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఆఫీసర్ కావాలనుకునే పౌరులకు ఇంకో దారి ఉంది. కాలేజీలో ఆర్‌ఓటీసీలో చేరి, దానితోపాటే రిజర్వ్ లేదా గార్డ్ యూనిట్‌లో ఉండొచ్చు. ఆర్‌ఓటీసీ కాంట్రాక్టు మీద ఉన్నంతకాలం క్యాడెట్‌ను డిప్లాయ్‌మెంట్‌కు పంపరు, డిగ్రీ సాఫీగా అవుతుంది. గ్రీన్‌కార్డు వాళ్లకు మాత్రం ఈ దారి మూసే ఉంది. ఆఫీసర్ కమిషన్‌కు పౌరసత్వం తప్పనిసరి.

పౌరసత్వం అనగానే చాలామందికి ఆశ పుడుతుంది, కారణం లేకపోలేదు. గ్రీన్‌కార్డు మీద మామూలుగా ఐదేళ్లు ఆగాల్సినచోట, సైన్యంలో, డ్రిల్ చేసే రిజర్వ్‌లోనైనా సరే, గౌరవప్రదంగా పనిచేస్తున్నవారు చాలా ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఫీజు కూడా ఉండదు. పౌరసత్వం వచ్చి 21 ఏళ్లు నిండితే అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేయొచ్చు. అయితే ఇలా పొందిన పౌరసత్వానికి ఒక షరతు ఉంది. మొత్తం ఐదేళ్ల సేవ పూర్తికాకముందే చెడ్డపేరుతో సైన్యం నుంచి బయటకు పంపిస్తే దాన్ని రద్దు చేసే అవకాశం ఉంటుంది. డ్రిల్స్ ఎగ్గొట్టడం అందుకే క్లాస్ ఎగ్గొట్టడం లాంటిది కాదు.

మన కుటుంబాలు తప్పకుండా చూసుకోవాల్సిన ఇంకో కాగితం ఉంది, దాని గురించి రిక్రూటర్‌కు తెలియకపోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది. అందరూ ఆ తర్వాత ఓసీఐ కార్డు తీసుకుంటారు, వీసా గొడవ లేకుండా ఎప్పుడంటే అప్పుడు ఇండియా వచ్చిపోతారు. కానీ భారత ప్రభుత్వ ఓసీఐ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం ఉంది: విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, పనిచేసి రిటైరైనవారికి ఓసీఐ ఇవ్వరు. అంటే మెహదీపట్నంలో ఉన్న నానమ్మను చూడాలన్నా, చెల్లెలి నిఖాకు రావాలన్నా ప్రతిసారీ వీసా అడగాల్సిన పరిస్థితి రావచ్చు. ఫీజు మిగుల్చుకునే తొందరలో ఈ వాక్యం ఎవరి కంటా పడదు. ఇప్పటికే ఓసీఐ ఉన్న పిల్లలైతే సంతకానికి ముందే కాన్సులేట్‌ను రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోవడం మంచిది.

నమాజ్, హలాల్ భోజనం, హిజాబ్, గడ్డం గురించి కూడా ఇళ్లలో ప్రశ్నలు వస్తాయి. 2017 జనవరిలో ఆర్మీ నిబంధన మార్చి గడ్డం, తలపాగా, హిజాబ్‌కు బ్రిగేడ్ స్థాయిలోనే అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. 2025 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ గడ్డం మినహాయింపులను మళ్లీ బిగించింది. కాబట్టి రెండేళ్ల కిందట ఎవరికో దొరికిన అనుమతి చూసి ధీమాగా ఉండటం కుదరదు.

దీనికంటే లోతైన ప్రశ్న మనసుకు సంబంధించింది. పంపేది ఏ దేశానికో సైనికుడు ఎంచుకోడు. 'ఈ యుద్ధం అన్యాయం, నేను వెళ్లను' అంటే చట్టం ఒప్పుకోదు. మనస్సాక్షి పేరుతో మినహాయింపు కావాలంటే ఏ యుద్ధానికైనా వ్యతిరేకినని నిరూపించుకోవాలి. ఒక్క యుద్ధాన్ని మాత్రమే వ్యతిరేకించేవారికి ఇది వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1971లోనే తేల్చింది. ఈ సంగతి సంతకం తర్వాత ఆలోచించేది కాదు.

రిజర్వ్‌లో చేరి లాభపడ్డ విద్యార్థులూ ఉన్నారు, అది దాచాల్సిన పని లేదు. చేతికొచ్చిన పని, క్రమశిక్షణ, నెలకు 50-60 డాలర్లకే దొరికే ఆరోగ్య బీమా చిన్న విషయాలు కావు. ఆ దేశమే తన దేశం అనుకుని, పిలిస్తే వెళ్లడానికి ముందే సిద్ధపడ్డవాడికి ఇది మంచి బేరమే. ఒక్క ఫీజు కోసమే చేరేవాడికి మాత్రం బేరం గిట్టదు.

చేరాలనే అనుకుంటే కాంట్రాక్టు ప్రతిని ఇంటికి తెచ్చుకుని, ఇంట్లో వాళ్లతో కూర్చుని చదవాలి. బోనస్ ఎంత, ఎప్పుడిస్తారు, ఏ పని, ఏ ఊరి యూనిట్, శిక్షణ ఏ నెలలో, ఎన్నేళ్ల డ్రిల్, ఇవన్నీ అందులోనో అనుబంధాల్లోనో ఉండాలి. నోటిమాట హామీలకు విలువ ఉండదని ఆ కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. ఆ యూనిట్ గత పదేళ్లలో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చిందో రిక్రూటర్‌ను కాకుండా, అందులో పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురిని అడగాలి. సంతకం పెట్టాక కూడా శిక్షణకు బయల్దేరేలోపు మనసు మారితే సాధారణంగా వెనక్కి రావొచ్చు. ఆ మాట రిక్రూటర్ తనంతట తాను చెప్పడు, అడిగితేనే తెలుస్తుంది.